మెడ ఎముకలు చెప్పిన సంగతి: యార్క్ డ్రిఫీల్డ్ టెర్రస్ రోమన్ సమాధులపై ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోని యార్క్ నగరం నుంచి నైరుతిగా టాడ్‌కాస్టర్ వైపు వెళ్లే దారిలో ది మౌంట్ అనే మిట్ట ఉంది. ఆ మిట్ట మీద డ్రిఫీల్డ్ టెర్రస్‌లోని 3, 6 నంబర్ల స్థలాల్లో కొత్త కట్టడాలు రాకముందే యార్క్ ఆర్కియలాజికల్ ట్రస్ట్ 2004, 2005లలో తవ్వకాలు జరిపింది. రోమన్ల కాలంలో ఈ దారి పొడుగునా శ్మశానాలే ఉండేవని అంతకుముందే తెలుసు. కాబట్టి సమాధులు దొరకడంలో వింత లేదు, దొరికిన మనుషుల తీరే వింత. బయటపడినవి 80కి పైగా అస్థిపంజరాలు. దాదాపు అందరూ మగవాళ్లు, చాలామంది 45 ఏళ్ల లోపువాళ్లు, ఆ కాలపు సగటు కంటే పొడగరులు. వాళ్లలో సగానికి పైగా తలలు తెగినవాళ్లు. తెగిన తలను కొందరికి కాళ్ల మధ్య, కొందరికి పాదాల దగ్గర, కొందరికి ఛాతీ మీద, మరికొందరికి ఉండాల్సిన చోటే పెట్టి పూడ్చారు.

'తలలేని రోమన్లు' అనే పేరు అప్పుడే స్థిరపడింది. ఆ వెనకే వీళ్లు గ్లాడియేటర్లు, అంటే జనం ముందు పోరాడే యోధులు, అన్న మాటా వచ్చింది. ఈ కేసులో నేర్చుకోవాల్సిన అసలు విషయం మాత్రం ఆ పేర్లలో లేదు. తల ఎక్కడ దొరికిందన్నదాని కంటే మెడ వెన్నుపూసలు ఎక్కడ, ఏ స్థితిలో దొరికాయన్నదే ఇక్కడ అసలు సాక్ష్యం. గోతిలో ఆ ఏడు చిన్న ఎముకల్ని సరిగ్గా నమోదు చేయకపోతే, ఆ తర్వాత ఎంత ఖరీదైన ల్యాబ్ పరీక్ష చేయించినా ఆ నష్టం పూడదు.

స్థలం, కాలం

రోమన్లు యార్క్‌ను ఎబొరాకమ్ అన్నారు. క్రీ.శ. 71లో తొమ్మిదో లీజియన్ (రోమన్ల పెద్ద సైనిక దళం) ఇక్కడ కోట కట్టింది, ఆ తర్వాత ఆరో లీజియన్ వచ్చి స్థిరపడింది. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ 211 ఫిబ్రవరిలో ఇక్కడే చనిపోయాడు. 306లో చక్రవర్తి కాన్‌స్టాంటియస్ చనిపోగానే అతని కొడుకు కాన్‌స్టాంటైన్‌ను సైన్యం చక్రవర్తిగా ప్రకటించిందీ ఇక్కడే. ఊరి లోపల శవాన్ని పూడ్చకూడదు, కాల్చకూడదు అని రోమన్ల పన్నెండు పట్టికల శాసనం చెప్పేది. అందుకే రోమన్ పట్టణం ఏదైనా సరే, ఊరు దాటిన పెద్ద దారికి రెండు పక్కలా సమాధులుంటాయి. దారిన పోయేవాళ్లు చదవాలనే ఫలకాలు నిలబెట్టేవారు. 50 ఏళ్లు బతికిన జూలియా వెల్వా అనే ఆమె సమాధి ఫలకం 1922లో ఈ మౌంట్ దగ్గరే దొరికింది. దాని మీద ఆమె పడక మీద ఆనుకుని ఉంటుంది, ఇంటివాళ్లు చుట్టూ ఉంటారు. 1950లలో తవ్విన ట్రెంథోమ్ డ్రైవ్ శ్మశానమూ దగ్గర్లోనే ఉంది. అక్కడ కూడా ఆడవాళ్ల కంటే మగవాళ్ల సంఖ్య చాలా ఎక్కువ.

డ్రిఫీల్డ్ టెర్రస్‌లో పూడ్చినవాళ్లంతా ఒక్క రోజునో ఒక్క ఏడాదిలోనో చనిపోయినవాళ్లు కారు. సమాధులు 2వ శతాబ్దం తొలినాళ్ల నుంచి 4వ శతాబ్దం దాకా విస్తరించాయి. పాత గోతిని కొత్త గోతి కోసుకుంటూ పోయిన చోట్లు ఉన్నాయి. ఇది మున్ముందు అవసరమయ్యే విషయం.

గోతిలో జరగాల్సిన పని

ఇంగ్లండ్‌లో మానవ అవశేషాలు కదపాలంటే ముందు అనుమతి ఉండాలి. 1857 నాటి బరియల్ యాక్ట్ 25వ సెక్షన్ కింద లైసెన్స్ తీసుకోవడం మామూలు పద్ధతి. అది చేతికొచ్చాకే ఎముక లేపాలి.

పై మట్టి తీయడానికి మెషిన్ పెడితే పళ్లు లేని వెడల్పు బకెట్ వాడాలి. ఒక్క విడతకు 5 నుంచి 10 సెంటీమీటర్లకు మించి గీకకూడదు. బకెట్ ముందు ఒక మనిషి కళ్లార్పకుండా నిలబడాలి. సమాధి గోతి మొదట మట్టి రంగులో తేడాగానే కనిపిస్తుంది: సహజ మట్టి మధ్యలో పొడుగాటి ముదురు మచ్చ. అది కనిపించగానే మెషిన్ ఆపి తాపీ పట్టుకోవాలి. తాపీతో తడి మట్టిని ఒకే దిక్కుగా గీకితే అంచు తేలుతుంది. ఎండిపోతే అంచు మాయమవుతుంది. అప్పుడు స్ప్రేయర్‌తో సన్నగా నీళ్లు చల్లి మళ్లీ గీకాలి.

ఇలా ఒకదాన్నొకటి కోసుకున్న గోతుల్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏది ముందు, ఏది వెనక? చివర తవ్వినదాన్ని మొదట ఖాళీ చేయాలి. గోతికి ఒక కాంటెక్స్ట్ నంబర్ (తవ్వకంలో ఒక్కో పొరకు, ఆనవాలుకు విడిగా ఇచ్చే సంఖ్య), దాన్ని పూడ్చిన మట్టికి ఒకటి, శవపెట్టె ఆనవాలుకు ఒకటి, అస్థిపంజరానికి ఒకటి ఇవ్వాలి. 'గోతి, అందులోదంతా' అని ఒకే నంబర్ ఇచ్చిన సైట్లలో తర్వాత ఎవరి కాలు ఎవరిదో తేల్చడం కుదరదు. పెట్టె చెక్క కుళ్లిపోయినా ఇనుప మేకులు మిగులుతాయి. ఒక్కో మేకును లేపే ముందు దాని స్థానం, లోతు, మొన ఏ దిక్కుకు ఉందో కొలిచి రాస్తేనే పెట్టె ఆకారం గీయడానికి వీలవుతుంది. పాదాల దగ్గర చిన్న ఇనుప బొడిపెలు గుత్తిగా కనిపిస్తే అవి చెప్పుల అడుగున కొట్టిన మేకులు కావచ్చు. వాటిని తుప్పు ముద్దలనుకుని పారేసేవాళ్లున్నారు.

ఎముక దగ్గరికి వచ్చాక లోహపు పనిముట్టు పక్కన పెట్టి వెదురు పుల్ల, చెక్క గరిట, మెత్తని బ్రష్ వాడాలి. తాజాగా గీసుకున్న తాపీ గీత తర్వాత కత్తి గాటులా కనిపించి తికమక పెడుతుంది. ఫొటోలో స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు ఉండాలి. 1:10 స్కేలులో ప్లాన్ గీసి పుర్రె, తుంటి, పాదాల దగ్గర మట్టాలు తీసుకోవాలి. తుంటి ఎముకల మధ్య నుంచి విడిగా మట్టి నమూనా తీస్తే పేగు పురుగుల గుడ్లు దొరకొచ్చు. పోల్చి చూడ్డానికి తల దగ్గర, కాళ్ల దగ్గర నుంచీ ఒక్కో నమూనా తీయాలి. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ పాదం, కుడి పాదం వేర్వేరు సంచుల్లో పెట్టాలి. మిగిలిన మట్టిని జల్లించాలి. వేలి ఎముకలు, పళ్లు, మెడ వెన్నుపూసల ముక్కలు ఎక్కువగా జల్లెడలోనే దొరుకుతాయి.

పుర్రె పక్కకు ఎందుకు వచ్చింది?

పుర్రె ఉండాల్సిన చోట లేనంత మాత్రాన తల నరికారని కాదు. తేడా తేల్చేది మెడ ఎముకలే.

తర్వాతి కాలపు గొయ్యి పాత సమాధిని కోసుకుపోతే పుర్రె లేకుండా పోతుంది. అలాంటప్పుడు పుర్రె ఒక్కటే పోదు, భుజం ఎముకలో పక్కటెముకలో కూడా అదే గీత వెంట తెగిపోయి ఉంటాయి. తెగిన చోటు ఎండు విరుపులా గరుకుగా ఉంటుంది. పోయిన ముక్కలు కొత్త గోతి మట్టిలో చెల్లాచెదురుగా దొరుకుతాయి. మరో కారణం పెట్టె. చెక్కపెట్టెలో శవం చుట్టూ ఖాళీ ఉంటుంది కాబట్టి మెడ కండరాలు కుళ్లాక పుర్రె పక్కకు దొర్లుతుంది, కింది దవడ జారి ఛాతీ మీద పడుతుంది. పెట్టెలో నీళ్లు నిలిస్తే పుర్రె తేలి ఇంకాస్త దూరం పోతుంది. అయినా ఒంటరిగా దొర్లిన పుర్రె మెడ వెన్నుపూసల్ని వరస తప్పకుండా వెంటేసుకుని మోకాళ్ల మధ్యకు వెళ్లదు.

తెగిన తలకు మాత్రం పై మెడ పూసలు అతుక్కునే వస్తాయి. పుర్రె కాళ్ల మధ్య ఉండి, దాని అడుగున అట్లాస్ అనే మొదటి పూస, ఆక్సిస్ అనే రెండో పూస, మూడోదీ వరస చెడకుండా అమరి ఉంటే, ఆ తలను అక్కడ పెట్టినప్పుడు దానికి ఇంకా మాంసం ఉందన్నమాట. వేటు పడిన పూస రెండు ముక్కలైతే పై ముక్క తలతో, కింది ముక్క మొండెంతో దొరుకుతుంది. ల్యాబ్‌లో ఆ రెండు ముక్కల్నీ ఒకచోట చేరిస్తే అంచుకు అంచు సరిపోతుంది. దీనికంటే గట్టి రుజువు మరొకటి లేదు. తలను ఉండాల్సిన చోటే పెట్టి పూడ్చిన సందర్భాల్లో అయితే ఇదొక్కటే రుజువు. గోతిలో చూస్తే మామూలు సమాధిలాగే ఉంటుంది మరి.

తరచూ జరిగే తప్పు ఇక్కడే. పుర్రెను ఒక పెట్టెలో పెట్టి, దాని కింద అంటుకున్న పూసల్ని మొండెం పూసలతో కలిపి ఒకే సంచిలో వేస్తారు. ఆ క్షణంలోనే సాక్ష్యం పోతుంది. పుర్రె దగ్గరి పూసలకు విడి సంచి, విడి లేబుల్ తప్పనిసరి. పుర్రెను కంటి గుంతల్లో వేళ్లు పెట్టి ఎత్తకూడదు. లోపలి మట్టిని తీయకుండా కింద చేతులు పట్టి లేపాలి. చెవి లోపలి సన్నటి ఎముకలు ఆ మట్టిలోనే ఉంటాయి.

వేటు ఆనవాళ్లు

ఎముక బతికున్నప్పుడు ఒకలా, ఎండాక ఒకలా తెగుతుంది. పచ్చి వెదురును పదునైన కత్తితో నరికితే తెగిన చోటు నున్నగా మెరుస్తుంది, చివరన ఒక పేలిక చీరుకుపోయి నిలబడుతుంది. ఎండు వెదురు పెళుసుగా, గరుకుగా చీలుతుంది. ఎముకా అంతే. చావు సమయంలో పడిన వేటుకు తెగిన తలం నునుపుగా ఉంటుంది, దాని రంగు మిగతా ఎముక ఉపరితలం రంగుతో కలుస్తుంది. తవ్వేటప్పుడు విరిగిన చోటు తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంచున కొత్త ఎముక గుండ్రంగా పెరిగి ఉంటే ఆ దెబ్బ తర్వాత మనిషి కొన్ని వారాలైనా బతికాడని అర్థం.

వేటు దిక్కు తేల్చాలంటే పూసలో మొదట తెగిందేదో చూడాలి. వెనక నుంచి నరికితే పూస వెనక కమాను, ముల్లు ముందు తెగి ఆ తర్వాత పూస ముందువైపు ఉండే లావు భాగం తెగుతుంది. కత్తి వంపుగా దిగితే దవడ మూలన, చెవి వెనకున్న బొడిపె మీద, కాలరు ఎముక మీద గాట్లు పడతాయి. వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. రోమన్ బ్రిటన్‌లో తల తెగిన సమాధులు వేరేచోట్లా ఉన్నాయి. చాలా శ్మశానాల్లో వందకు కొద్దిమందే ఉంటారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు. డ్రిఫీల్డ్ టెర్రస్‌లో మాత్రం ఎక్కువ వేట్లు వెనక నుంచి పడినవి, బరువైన పదునుగల ఆయుధంతో పడినవి. కొందరికి ఒక్క వేటుతో తెగింది, కొందరికి పదేపదే నరకాల్సి వచ్చింది. దీన్నిబట్టి చాలామందికి ఇదే చావు అని నా అభిప్రాయం. చనిపోయిన మనిషికి జాగ్రత్తగా చేసే తంతు ఇంత బలంగా, ఇంత అడ్డదిడ్డంగా జరగదు.

ఒళ్లు చెప్పేది

పొడవు లెక్కకు తొడ ఎముక ఆధారం. ట్రాటర్, గ్లెసర్ సూత్రంలో మగవాళ్లకు తొడ ఎముక గరిష్ఠ పొడవును 2.38తో గుణించి 61.41 కలపాలి, జవాబు సెంటీమీటర్లలో వస్తుంది, తేడా 3.27 అటూ ఇటూ. ఉదాహరణకు 46 సెంటీమీటర్ల తొడ ఎముకకు 170.9 వస్తుంది. రోమన్ బ్రిటన్ మగవాళ్ల సగటు సుమారు 169. ఒక్క మనిషి విషయంలో రెండు సెంటీమీటర్ల తేడాకు విలువ లేదు, మొత్తం గుంపే పైకి జరిగితేనే మాట్లాడాలి. ఇక్కడ గుంపే పైకి జరిగింది. ఎముకను బోర్డు మీద కొలిచేటప్పుడు గరిష్ఠ పొడవుకు బదులు నిలువు పొడవు (మోకాలి వైపు రెండు బొడిపెల్నీ బోర్డుకు ఆనించి తీసేది, కాస్త తక్కువ వస్తుంది) తీసుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. గుంపు మొత్తం పొట్టిదైపోతుంది.

మానిన గాయాలు ఈ గుంపులో ఎక్కువ. ఒక మనిషి కాళ్లకు బరువైన ఇనుప కడియాలున్నాయి. అవి కాళ్ల మీదే కాల్చి సాగగొట్టి మూసినవి, ఊడదీయడానికి వీలులేనివి. అతను వాటితోనే మట్టిలో పడ్డాడు.

ఎక్కడి నుంచి వచ్చారు?

పంటి పైపొర అయిన పింగాణీ (ఎనామెల్) ఒకసారి ఏర్పడ్డాక మారదు. రెండో దవడపన్ను పింగాణీ సుమారు రెండున్నరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. కాబట్టి అందులోని ఐసోటోప్‌లు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు, మనిషి పెరిగిన చోటు చెబుతాయి: స్ట్రాన్షియం అనే లోహానివి చిన్నప్పుడు తిరిగిన నేల రాతిని, ఆక్సిజన్‌వి తాగిన నీటిని. మొదటి దవడపన్ను తీసుకుంటే తల్లిపాల ప్రభావం వల్ల ఆక్సిజన్ విలువ పెరిగి కనిపిస్తుంది. పైపొరను డ్రిల్లుతో గీకి పారేసి లోపలి పింగాణీనే పరీక్షకు ఇవ్వాలి. పింగాణీ కింద ఉండే డెంటిన్ కలిస్తే మట్టిలోని స్ట్రాన్షియం వచ్చి చేరుతుంది.

ఏం తిన్నారో తెలియాలంటే ఎముకలోని కొలాజెన్ అనే ప్రొటీన్ తీయాలి. అర గ్రాము ముక్కను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో చల్లగా కొన్ని రోజులు ఉంచి ఖనిజం కరిగిస్తారు. ఆ తర్వాత స్వల్ప ఆమ్ల నీటిలో సుమారు 70 డిగ్రీల దగ్గర రెండు రోజులు వేడి చేసి వడగట్టి, ఫ్రీజ్ డ్రై చేస్తారు. కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 2.9 నుంచి 3.6 మధ్య లేకపోతే ఆ నమూనాను వదిలేయాలి. దాన్ని నమ్మి రాసిన ముగింపు ఏదైనా తప్పే.

2011లో వచ్చిన ఐసోటోప్ అధ్యయనంలో ఈ శ్మశానం వాళ్లు వేర్వేరు చోట్ల నుంచి వచ్చినట్టు తేలింది. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన ఫలితం ఒకటి ఉంది: ఇద్దరి కార్బన్ విలువలు చిరుధాన్యాలు తిన్నవాళ్ల విలువలు. తెలుగు పాఠకులకు ఇది సులువుగా అర్థమవుతుంది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, వరిగ ఒక రకం కిరణజన్య సంయోగం చేసే మొక్కలు. వరి, గోధుమ, బార్లీ మరో రకం. మొదటి రకంలో బరువైన కార్బన్ పాలు ఎక్కువ, అది తిన్నవాడి ఎముకలో అలాగే మిగులుతుంది. జొన్నరొట్టె తిని పెరిగిన తెలంగాణ మనిషి ఎముక, వరన్నం తిని పెరిగిన కోనసీమ మనిషి ఎముక ల్యాబ్‌లో వేరుగా కనిపించడానికి కారణమిదే. అప్పటి బ్రిటన్‌లో వరిగ, కొర్ర పండించేవాళ్లు కారు. కాబట్టి ఆ ఇద్దరూ చిరుధాన్యం పండే మరో దేశం నుంచి వచ్చినవాళ్లు.

2016లో ఏడుగురి జన్యు పటాలు ప్రచురితమయ్యాయి. ఆరుగురు నేటి బ్రిటన్‌లో వేల్స్ జనానికి దగ్గరివాళ్లు. ఒక్కడు మాత్రం పశ్చిమాసియా మనిషి, నేటి పాలస్తీనా, జోర్డాన్, సిరియా ప్రాంతపు జనానికి దగ్గర. ఇలాంటి పరీక్షకు పుర్రె లోపలి చెవి చుట్టూ ఉండే దట్టమైన ఎముక భాగం ఉత్తమం. దాన్ని కడగకుండా, గ్లోవ్స్ లేని చేతులు తాకకుండా పక్కన పెట్టాలి. ఐసోటోప్‌లు పెరిగిన చోటు చెబుతాయి, జన్యువులు పూర్వీకుల్ని చెబుతాయి. ఒకదాని జవాబును రెండోదాని ప్రశ్నకు వాడితే గందరగోళమే.

వాళ్లెవరు?

కారకల్లా తన తండ్రి సెవెరస్ 211లో చనిపోగానే కొలువులో కొందరిని చంపించాడని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. ఆ హతులే వీళ్లన్న ఊహ తొలినాళ్లలో ప్రచారమైంది. సమాధులు రెండు శతాబ్దాలకు పైగా విస్తరించాయి కాబట్టి మొత్తం గుంపుకు అది కుదరదు. గోతుల వరస, కుండపెంకుల కాలం సరిగ్గా రాసి ఉండబట్టే ఆ ఊహను అంత సులువుగా పక్కన పెట్టగలిగారు.

సైనికులన్న వాదానికి పొడవు తోడ్పడుతుంది. లీజియన్‌లోని మొదటి కోహోర్ట్ అనే దళానికి, గుర్రపు దళానికి రోమన్ కొలతలో 5 అడుగుల 10 అంగుళాలు లేదా 6 అడుగులు ఉండాలని రోమన్ సైనిక గ్రంథకర్త వెజిటియస్ రాశాడు. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు, అంటే 172.7 నుంచి 177.6 దాకా. కానీ శిక్ష పడిన సైనికులు ఇంత కాలం పాటు, ఇంత మంది, ఒకే మిట్ట మీద ఎందుకు పూడ్చబడతారన్నది తేలలేదు. గ్లాడియేటర్లన్న వాదానికి వయసు, దాదాపు అందరూ మగవాళ్లే కావడం, మానిన దెబ్బలు, రకరకాల ప్రాంతాలు అన్నీ సరిపోతాయి. అయితే 1993లో నేటి టర్కీలోని ఎఫెసస్‌లో దొరికిన గ్లాడియేటర్ల శ్మశానంలో ఆయుధాలు పట్టుకున్న బొమ్మలతో ఫలకాలు దొరికాయి. డ్రిఫీల్డ్ టెర్రస్‌లో అలాంటి ఒక్క ఫలకమూ లేదు. అలాంటి పోరాటాలు జరిగే యాంఫీథియేటర్ అనే రంగస్థలం యార్క్‌లో ఇప్పటికీ బయటపడలేదు.

గ్లాడియేటర్ల వాదాన్ని ముందుకు నెట్టింది ఒక తుంటి ఎముక. 6 నంబర్ స్థలంలో 26 నుంచి 35 ఏళ్ల మధ్య మగవాడు, ఇంకో ఇద్దరితో కలిపి పూడ్చినవాడు, పైన గుర్రపు ఎముకలు పరిచి ఉన్నాయి. అతని తుంటి ఎముక రెండు పక్కలా చిన్న గుంతలు, గీరుడు గుర్తులు. అవి మానలేదు, అంటే చావు దగ్గర్లో పడినవి. 2025 ఏప్రిల్‌లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆ గుర్తుల్ని త్రీడీ స్కాన్ చేసి, జూలో జంతువులు కొరికిన ఎముకల గుర్తులతో పోల్చారు. సింహం లాంటి పెద్ద పిల్లి జాతి పళ్ల గుర్తులతో అవి సరిపోయాయి. రోమన్ ప్రపంచంలో మృగంతో మనిషి తలపడ్డాడనడానికి ఎముక మీద దొరికిన మొదటి ప్రత్యక్ష సాక్ష్యంగా దాన్ని చూపారు. అతని తల కూడా తెగే ఉంది.

దీన్ని ఎంతవరకు తీసుకోవాలో చెప్పాలి. తుంటి మీద కొరకడం పోరులో చంపే దెబ్బ కాదు, పడిపోయిన మనిషిని కొరికి ఈడ్చినప్పుడు పడే గుర్తు అనుకోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. పెద్ద మృగం ఒకటి యార్క్ దాకా వచ్చిందనీ, ఈ మనిషి దాని నోట పడ్డాడనీ అది రుజువు చేస్తుంది. అతను శిక్షణ పొందిన యోధుడా, మృగాలకు విసిరిన ఖైదీయా అన్నది ఆ గుర్తు చెప్పదు. మిగతా 80 మందికి అదే కథ అంటగట్టడానికి అసలే పనికిరాదు. ఇనుప కడియాల మనిషి, చిరుధాన్యం తిన్న ఇద్దరు, పశ్చిమాసియా మనిషి, ఈ కాటు పడిన మనిషి ఒకే మిట్ట మీద ఉన్నా ఒకే రకం జీవితం గడిపారని ఏ ఎముకా చెప్పలేదు.

ఆ తుంటి ఎముక 2005లో మట్టి నుంచి లేచింది, దాని మీది గుర్తుల్ని స్కాన్ చేసి పోల్చిన అధ్యయనం వచ్చింది 2025లో. మధ్యలో ఇరవై ఏళ్లు అది పెట్టెలో ఉంది. గట్టి బ్రష్‌తో రుద్ది కడిగి ఉంటే ఆ గీరుళ్లు అరిగిపోయేవి. జిగురు పూసి ఉంటే స్కాన్‌లో గుంతలు పూడిపోయి కనిపించేవి. ఎండలో ఆరబెట్టి ఉంటే పైపొర పగిలి లేచిపోయేది. గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్, నానబెట్టకుండా కడగడం, నీడలో ఆరబెట్టడం, ఆమ్లం లేని కాగితం, గాలి ఆడే సంచి, లోపలా బయటా రెండు లేబుళ్లు. ఎముకలు ఆరాక పెట్టెలో బరువైనవి అడుగున, పుర్రెను విడి పెట్టెలో, తుంటి ఎముకల మీద మరేదీ ఆనకుండా సర్దాలి.